నీళ్ళు చూసి న్యూట్‌ని చూడాలి

కిందటి నెల తాబేళ్ళ గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా తాబేళ్ళ ఊసే లేదు. అన్నీ న్యూట్‌ల గురించే. "మా అమ్మాయి న్యూట్ నాలుగు రోజులుగా ఏమీ తినడం లేదండీ", "నీళ్ళలో ఉండాల్సింది బయటకి వచ్చి రాయి మీద కూర్చుంటోంది, జబ్బంటారా?", "తోక మీద తెల్లగా దూదిలాంటిది కనిపిస్తోంది, ఏం మందు వెయ్యాలి?" అని. మన మోరిస్‌విల్ చుట్టుపక్కల పిల్లలున్న తెలుగు ఇళ్ళలో కుక్కపిల్ల వద్దన్న అమ్మానాన్నలు రాజీకొచ్చి కొనిచ్చే ప్రాణుల్లో ఈ మధ్య న్యూట్ కూడా చేరింది. అరవదు, కరవదు, వాకింగ్‌కి తీసుకెళ్ళక్కర్లేదు. చిక్కల్లా ఒకటే. అది ఒంట్లో బాగాలేదని చెప్పదు. చివరిదాకా దాచిపెడుతుంది.

నేను పశువైద్యురాలిని కాను. చాలా ఏళ్ళుగా ఇంట్లో నీటి ట్యాంకులు పెట్టుకుని, చూసి, చదివి, డాక్టర్లని అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను. మందు చెప్పడం నా పని కాదు. ఏం చూడాలో, ఏ వరసలో చూడాలో చెప్పగలను.

ముందు, ఇదేమిటి?

మనకి కప్పకి పేరుంది, బల్లికి, తొండకి, ఉడుముకి పేరుంది. న్యూట్‌కి లేదు. మన ఊళ్ళలో ఆ జీవే లేదు మరి. భారతదేశంలో ఈ జాతికి చెందినవి కనిపించేది డార్జిలింగ్ వైపు హిమాలయాల్లో, ఈశాన్య రాష్ట్రాల కొండల్లోనే. అందుకే ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు ట్యాంకులోకి తొంగిచూసి "నీళ్ళబల్లి" అనేస్తారు. ఆకారం బల్లిదే గాని చుట్టరికం కప్పతో. ఒంటి మీద పొలుసులు ఉండవు. పల్చటి తడి చర్మం. ఆ చర్మంతోనే నీళ్ళు తాగుతుంది, కొంత గాలి కూడా దానితోనే పీలుస్తుంది. నీళ్ళలో ఏం ఉంటే అది ఒంట్లోకి పోతుంది. దీని జబ్బుల కథలో సగం ఈ ఒక్క విషయంలోనే ఉంది.

మనం ఉంటున్న ఈ రాష్ట్రం సాలమాండర్ల పుట్టిల్లు లాంటిది. న్యూట్ కూడా సాలమాండర్ కుటుంబంలోదే. నార్త్ కరొలైనాలో అరవైకి పైగా సాలమాండర్ జాతులున్నాయి. 2013లో మార్బుల్డ్ సాలమాండర్‌ని రాష్ట్ర సాలమాండర్‌గా కూడా ప్రకటించారు. ఇక్కడి చెరువుల్లో సహజంగా బతికేది ఈస్టర్న్ న్యూట్. పెట్ షాపుల్లో, పెంపకందార్ల దగ్గర దానితోపాటు చైనా, జపాన్ దేశాలకి చెందిన ఎర్రపొట్ట న్యూట్‌లు కూడా కనిపిస్తాయి. బాగా చూసుకుంటే పదేళ్ళు దాటి బతుకుతాయి. అంటే మూడో తరగతిలో కొనిచ్చింది పిల్ల కాలేజీకి వెళ్ళేదాకా మీ ఇంట్లోనే ఉండొచ్చు.

రోగం కానివి

చాలామందిని కంగారు పెట్టేవి అసలు జబ్బులే కావు. వాటిని ముందు పక్కన పెడదాం.

ఒంటి మీంచి పల్చటి పొర ఊడి, మేజోడు విప్పినట్టు వచ్చేస్తుంది. ఆ పొరని అదే తినేస్తుంది. అది కుబుసం, రోగం కాదు. సంతానకాలంలో మగవాటికి తోక మొదట్లో ఉబ్బుతుంది, వెనక కాళ్ళ లోపలివైపు నల్లటి గరుకు మచ్చలు వస్తాయి. గడ్డలేమో అని భయపడక్కర్లేదు. ఆడవాటికి గుడ్లతో పొట్ట నిండుగా కనిపిస్తుంది. ఈస్టర్న్ న్యూట్ పిల్లలు నీళ్ళు వదిలి నేల మీదకి వచ్చి, నారింజ రంగులో కొన్నేళ్ళు గడిపి, మళ్ళీ పెద్దయ్యాక నీళ్ళలోకి వెళతాయి. ఆ వయసులో ఉన్నదాన్ని "బయటే కూర్చుంటోంది" అని నీళ్ళలోకి తోస్తే అదే దానికి ప్రమాదం. కాలివేలు తెగినా, తోక కొస పోయినా, గాయం శుభ్రంగా ఉంటే మళ్ళీ మొలుస్తుంది. తెగిన కాలు, కంటిలోని కటకం కూడా తిరిగి పెంచుకోగలవు కాబట్టే శాస్త్రవేత్తలు వీటిని వందేళ్ళకు పైగా పరిశీలిస్తున్నారు.

మరి రోగం ఏది? నిన్న చేసిన పని ఇవాళ చెయ్యకపోవడం. నీళ్ళలో ఉండే పెద్ద న్యూట్ ఉన్నట్టుండి రోజంతా బయటే ఉండటం. వానపాము కనిపిస్తే ఎగబడేది మొహం తిప్పుకోవడం. నిన్నటిది గుర్తుంటేనే ఇవాళ్టి తేడా తెలుస్తుంది. అందుకే న్యూట్ ఉన్న ఇంట్లో మందుల డబ్బా కంటే ముందు ఒక నోటుబుక్కు ఉండాలి. తేదీ, ఏం తింది, నీటి వేడి ఎంత, నీళ్ళు ఎప్పుడు మార్చాం, ఎక్కడ కూర్చుంది. రోజుకి రెండు లైన్లు. గ్రాములో పదో వంతు చూపించే చిన్న తక్కెడ ఉంటే వారానికోసారి తడిపిన డబ్బాలో పెట్టి తూకం కూడా రాయించండి. కొన్ని గ్రాములే ఉండే జీవి అర గ్రాము తగ్గితే కంటికి తెలియదు, పుస్తకానికి తెలుస్తుంది.

నీళ్ళకి జ్వరం

ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. ఇక్కడ నీళ్ళు చూసి న్యూట్‌ని చూడాలి.

రెండు వేసవుల కిందట మా పక్క వీధిలో జరిగింది చెబుతాను. బాబుకి పదేళ్ళు. పుట్టినరోజుకి రెండు న్యూట్‌లు, కొత్త ట్యాంకు కొన్నారు. మూడో వారానికి ఒకటి తిండి మానేసింది, రెండోది అద్దానికి ముక్కు రాస్తూ పైకి ఎక్కబోతోంది. వాళ్ళ నాయనమ్మగారు గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు. "చిటికెడు పసుపు వెయ్యండ్రా, అదే సర్దుకుంటుంది" అన్నారట. తండ్రి నాకు ఫోన్ చేసి ఫొటోలు పంపిస్తానన్నాడు. ఫొటోలు తర్వాత చూద్దాం, ముందు ట్యాంకులోంచి ఒక గ్లాసు నీళ్ళు పంపమన్నాను.

బాబే తెచ్చాడు, స్టీలు గ్లాసు మీద మూత పెట్టుకుని, ఒలకకుండా. అక్వేరియం షాపుల్లో దొరికే చుక్కల పరీక్ష కిట్టు తీశాను. చిన్న గాజు గొట్టంలో నీళ్ళు, రెండు సీసాల్లోంచి చుక్కలు, ఐదు నిమిషాలు ఆగాలి. అమ్మోనియా లేకపోతే నీళ్ళు పసుపుగానే ఉంటాయి. ఇవి ముదురు ఆకుపచ్చకి తిరిగాయి. వాడు ఆ రంగుల కార్డు పక్కన గొట్టం పెట్టి చాలాసేపు చూసి, "ఆంటీ, అంటే జ్వరం నీళ్ళకా?" అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

కొత్త ట్యాంకులో జరిగేది ఇదీ. న్యూట్ వ్యర్థం, మిగిలిన తిండి కుళ్ళి అమ్మోనియా అవుతుంది. అది విషం. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. మరో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది, అది కొద్దిగా ఉంటే ఫర్వాలేదు. ఈ బాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడటానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ట్యాంకు, న్యూట్ ఒకే రోజున కొన్నవాళ్ళకి మూడో వారం గండం. పరీక్షలో అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా ఉండాలి. నైట్రేట్ 20 పీపీఎం దాటకుండా నీళ్ళు మారుస్తూ ఉండాలి.

ఇక మన కుళాయి నీళ్ళు. ఇండియాలో క్లోరిన్ వాసన పోవడానికి బిందెలో నీళ్ళు పట్టి రాత్రంతా ఉంచేవాళ్ళం. ఇక్కడ ఆ పద్ధతి పనిచెయ్యదు. మోరిస్‌విల్‌కి నీళ్ళు ఇచ్చేది కేరీ పట్టణం. వాళ్ళు నీటిని శుద్ధి చెయ్యడానికి వాడేది క్లోరమైన్, అంటే క్లోరిన్‌కి అమ్మోనియా జత చేసినది. ఒక రాత్రి ఉంచితే అది పోదు. ఏటా మార్చి ప్రాంతంలో కొన్ని వారాలు మాత్రం గొట్టాల శుభ్రత కోసం మామూలు క్లోరిన్‌కి మారుస్తారు. ఆ రోజుల్లో కుళాయి విప్పితే వాసన తెలుస్తుంది. రెండింటికీ పనిచేసే వాటర్ కండిషనర్ కొని, సీసా మీద క్లోరమైన్ పేరు ఉందో లేదో చూసి, ప్రతిసారీ వెయ్యండి.

మూడోది వేడి. న్యూట్‌లు చల్లటి నీటి జీవులు. చాలా జాతులకి 18 నుంచి 20 సెల్సియస్, అంటే 64 నుంచి 68 ఫారెన్‌హీట్ హాయి. 75 దాటితే ఒత్తిడి మొదలవుతుంది. మన ఇళ్ళలో జులైలో ఏసీ 78 మీద పెడతాం. పిల్లల గదులు పై అంతస్తులో ఉంటాయి, అక్కడ ఇంకా ఎక్కువ. ఆ బాబు ట్యాంకులో 80 ఉంది. మనకి హాయిగా ఉన్న గది దానికి రోహిణి కార్తె.

ఆ రెండు న్యూట్‌లకి ఏ మందూ వెయ్యలేదు. కండిషనర్ వేసిన శుభ్రమైన నీళ్ళ డబ్బాలోకి మార్చి, కింది అంతస్తులో చల్లటి మూల పెట్టారు. రోజూ నీళ్ళు మార్చారు. ట్యాంకుని ఖాళీగా, ఫిల్టర్ నడుస్తూ, ఇంకో నెల పండనిచ్చారు. ఎనిమిదో రోజున మొదటిది వానపాము ముక్క తింది. వాడి నోటుబుక్కులో ఆ రోజు లైను కింద మూడు గీతలు ఉన్నాయి.

ఒళ్ళు చెప్పేవి

నీళ్ళు బాగున్నాయి, వేడి సరిగ్గా ఉంది, అయినా తేడాగా ఉంటే అప్పుడు ఒంటిని చూడాలి. చేత్తో పట్టుకోవద్దు. మన చేతికున్న సబ్బు, శానిటైజర్, లోషన్ దాని చర్మంలోకి పోతాయి. దాని చర్మంలోని విషం మన చేతికి అంటుతుంది. ఈస్టర్న్ న్యూట్‌లోనూ ఎర్రపొట్ట న్యూట్‌లలోనూ ఉండేది టెట్రోడోటాక్సిన్, పఫర్ చేపలో ఉండే విషమే. ముట్టుకుంటే ఏమీ కాదు గాని ఆ చేత్తో కళ్ళు నులుముకున్నా, నోట్లో పెట్టుకున్నా మంచిది కాదు. సాల్మొనెల్లా భయం కూడా ఉంది. పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి, కింద నుంచి, పక్క నుంచి చూడండి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

తెల్లటి దూది పింజలాంటిది ఉంటే నీటి బూజు అయి ఉండొచ్చు. అది ఎక్కువగా ముందే ఉన్న గాయం మీద పట్టేది. గాయం ఎందుకైందో వెతకాలి. పొట్ట, తొడల లోపలి వైపు ఎర్రబారితే బాక్టీరియా రక్తంలోకి చేరిందేమోనని అనుమానించాలి. ఒళ్ళంతా నీరు పట్టినట్టు ఉబ్బితే మూత్రపిండాలో, గుండో, ఇన్‌ఫెక్షనో, కారణాలు చాలా ఉంటాయి. కంటితో తేలదు. మునగలేక ఒక పక్కకి ఒరిగి తేలుతుంటే కడుపులో గ్యాసో, ఊపిరితిత్తుల్లో తేడానో. తిండి మానేసి పొట్ట గట్టిగా ఉంటే గులకరాయి మింగిందేమో, ఎక్స్‌రేలో తెలుస్తుంది. చర్మం మీద చిన్న చిన్న గుండ్రటి పుండ్లు, కుబుసం మాటిమాటికీ ఊడటం, నడక తడబడటం కలిసి వస్తే ఆలస్యం చెయ్యొద్దు. ఎర్రబారడం, ఉబ్బడం, పుండ్లు, వెల్లకిలా పడితే తిరిగి లేవలేకపోవడం, ఈ నాలుగింటిలో ఏది కనిపించినా అదే రోజు డాక్టరుకి ఫోన్ చెయ్యాలి.

ఒకటికంటే ఎక్కువ ఉంటే జబ్బుగా ఉన్నదాన్ని వెంటనే వేరు చెయ్యండి. దాని వల, డబ్బా దానికే. రోజూ ముందు బాగున్నవాటి పని, తర్వాత దీని పని.

వంటింటి వైద్యం

పసుపు సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు అంటారు. మన తెగిన వేలికి పసుపు అద్దితే పైపైన ఉంటుంది. న్యూట్ నీళ్ళలో పసుపు వేస్తే ఒళ్ళంతా తాగుతుంది. పైగా నీళ్ళు రంగు మారి అసలు లక్షణాలు కనిపించవు. వేపాకు కషాయం, తేనె, కర్పూరం, అన్నిటికీ ఇదే జవాబు. పెద్దవాళ్ళని నొప్పించక్కర్లేదు. ఆ నాయనమ్మగారికి "అమ్మా, ఇది చర్మంతో తాగుతుంది, మనం వేసిందంతా మింగినట్టే" అని వాళ్ళబ్బాయి చెప్పాడు. "అయితే వద్దులే, పాపం" అన్నారావిడ వెంటనే.

ఉప్పు నీళ్ళు బూజుకి వాడతారన్నది నిజమే. కాని పాళ్ళు, సమయం తప్పితే ఒంట్లో నీటి లెక్క తారుమారవుతుంది. డాక్టరు చెబితేనే. చేపల మందులు అసలే వద్దు. కొన్నిటిలో రాగి ఉంటుంది, చేపకి ఔషధమైన మోతాదు న్యూట్‌కి విషం కావచ్చు.

జబ్బు న్యూట్‌ని ఫ్రిజ్‌లో పెట్టమని కూడా వింటారు. చల్లగా ఉంటే సూక్ష్మజీవులు నెమ్మదిస్తాయని ఆ ఆలోచన. అనుభవమున్న పెంపకందార్లు కొందరు చేస్తారు. కాని వేడి ఒక్కసారిగా పడిపోకూడదు, అన్ని జబ్బులకీ అన్ని జాతులకీ పనికిరాదు. ఇడ్లీ పిండి గిన్నె పక్కన మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

డాక్టరు దగ్గరికి

కుక్కల, పిల్లుల డాక్టర్లందరూ న్యూట్‌ని చూడరు. ముందే ఫోన్ చేసి "ఉభయచరాలని చూస్తారా?" అని అడగండి. రాలీలో ఎన్‌సీ స్టేట్ యూనివర్సిటీ పశువైద్య కళాశాలలో ఇలాంటి జంతువుల కోసం ప్రత్యేక విభాగం ఉంది. సరీసృపాల, ఉభయచరాల పశువైద్యుల సంఘం కూడా ఉంది, వాళ్ళ ద్వారా దగ్గర్లోని డాక్టర్లని వెతుక్కోవచ్చు. వెళ్ళేటప్పుడు మూడు తీసుకెళ్ళండి: చల్లగా ఉంచిన డబ్బాలో న్యూట్, వేరే సీసాలో ట్యాంకు నీళ్ళు, నోటుబుక్కు. డాక్టరు దూది పుల్లతో చర్మం మీద రాసి పీసీఆర్ పరీక్షకి పంపొచ్చు. కోవిడ్ రోజుల్లో మన ముక్కులో పెట్టిన దూది పుల్ల లాంటిదే అంటే పిల్లలకి ఇట్టే అర్థమవుతుంది.

ఖర్చు న్యూట్ ధరకి ఎన్నో రెట్లు అవుతుంది. ఇంకోటి కొంటే పోదా అనిపిస్తుంది. కాని ఆ మాట పిల్లల ముందు అనేముందు ఒక్క క్షణం ఆగండి. చవకగా దొరికిందానికి బాధ కూడా చవకే అన్న పాఠం వాళ్ళు ఎంత త్వరగా నేర్చుకుంటారో మనకి తెలియదు.

ఒక్కోసారి దక్కదు. కేరీలో ఒక కుటుంబంలో నాలుగు ఎర్రపొట్ట న్యూట్‌లు ఉండేవి, ఒకటి పోయింది. కోసి పరీక్ష చేయిద్దామని డాక్టరు అంటే తల్లికి మనసొప్పలేదు. పన్నెండేళ్ళ కూతురే, "మిగతా మూడింటికి కూడా అదే ఉంటే?" అని అడిగి ఒప్పించింది. లోపల చిన్న గులకరాళ్ళు దొరికాయి. ఆ సాయంత్రమే ట్యాంకులో రాళ్ళన్నీ తీసేశారు. మిగతా మూడూ బాగున్నాయి. ఇలాంటి పరీక్ష చేయించాలంటే పోయినదాన్ని తడి కాగితంలో చుట్టి, సంచిలో మూసి, చల్లగా ఉంచి ఆ రోజో మర్నాడో తీసుకెళ్ళాలి. గడ్డకట్టిస్తే లోపలి భాగాలు పాడై పరీక్షకి పనికిరాకపోవచ్చు.

వాగులోకి వద్దు

ఇంత వివరంగా రాయడానికి మన ఇళ్ళు దాటిన కారణం కూడా ఒకటుంది. 2010 నుంచి నెదర్లాండ్స్‌లో ఫైర్ సాలమాండర్లు కుప్పలుగా చచ్చిపోయి దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. కారణం ఒక శిలీంధ్రమని 2013లో తేలింది. పేరు బాట్రాకోకైట్రియం సాలమాండ్రివోరాన్స్, పొట్టిగా బి-సాల్. చర్మాన్ని తినేసే జబ్బు. ఆసియా నుంచి పెంపుడు జంతువుల వ్యాపారంతో ఐరోపా చేరిందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ప్రయోగశాలలో మన ఈస్టర్న్ న్యూట్‌లకి సోకిస్తే అవీ చచ్చిపోయాయి. అందుకే అమెరికా ప్రభుత్వం 2016 జనవరిలో 201 సాలమాండర్ జాతుల దిగుమతి మీద నిషేధం పెట్టింది. ఈ జబ్బుని కంటితో ఖాయం చెయ్యలేం, పరీక్షలోనే తేలుతుంది. అరవైకి పైగా జాతులున్న మన రాష్ట్రంలోకి అది వస్తే పోయేది ఒక ఇంటి ట్యాంకు కాదు.

మన వీధి చివర వాననీటి కాలవల్లో పోసినది శుద్ధి కాకుండానే వాగుకి వెళుతుంది. ఇక్కడ చాలావరకు అది క్రాబ్‌ట్రీ క్రీక్, అక్కడి నుంచి లేక్ క్రాబ్‌ట్రీ, ఆపైన ఆమ్‌స్టెడ్ పార్కు. కాబట్టి ట్యాంకు నీళ్ళు పెరట్లోనో వీధిలోనో కాక టాయిలెట్‌లో పొయ్యండి. జబ్బు న్యూట్‌కి వాడిన వల, డబ్బా ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్ళలో నానబెట్టి, బాగా కడిగి, పూర్తిగా ఎండనివ్వండి.

ఈ వసంతంలో ఒక కుటుంబం ఉద్యోగం మారి డాలస్ వెళుతూ, "న్యూట్‌ని లేక్ క్రాబ్‌ట్రీలో వదిలేస్తాం, దాని జాతివాళ్ళతో హాయిగా ఉంటుంది" అన్నారు. మంచి మనసుతో అన్న మాటే. కాని మన ట్యాంకులో దానికి ఏం అంటిందో అక్కడి వాటికి తెలియదు, అవి తప్పుకోలేవు. చివరికి మా పక్క వీధి బాబు దాన్ని తీసుకున్నాడు. నెల రోజులు వేరే ట్యాంకులో, వేరే గదిలో, వేరే వలతో ఉంచాడు. నోటుబుక్కులో కొత్త పేజీ తీసి పైన తేదీ వేసి, మొదటి లైను రాశాడు: నీళ్ళు పసుపు రంగు, 66 డిగ్రీలు, ఇంకా తినలేదు. మర్నాటి లైనులో తింది.

వచ్చే నెల: వేసవి సెలవుల్లో ఇండియా వెళితే ఇంట్లో ప్రాణులని ఎవరికి అప్పగించాలి, ఏం రాసిపెట్టాలి.